తంగేడు మిగిలిన గుట్ట

రెజైనా యూనివర్సిటీ, శనివారం, అక్టోబర్ 2023

ఫీల్డ్ ట్రిప్ నుంచి వచ్చాక కాళ్లు పీకుతున్నా నిద్ర రావడం లేదు.

ఉత్తరాన అడవిలో ఒక ముక్కకు, గుర్రమంత ఎత్తుండే మూస్ దుప్పులు రాకుండా ఎప్పుడో కంచె కట్టారు. లోపల బర్చ్, విల్లో చెట్లు గుబురుగా పెరిగాయి. బయట దాదాపు అన్నీ సూదుల్లాంటి ఆకులుండే స్ప్రూస్ మొక్కలే. ఎందుకిలా అని ప్రొఫెసర్ అడిగారు. నాకు మా గుట్ట కళ్లముందు కదిలింది. తాత మేకలు రేగు, తుమ్మ చివుళ్లను ఎదగనిచ్చేవి కావు. తంగేడు జోలికి మాత్రం పోయేవి కావు. ఏటా గుట్టంతా తంగేడు పూలే.

"మూస్ ఇష్టమైనవి తినేస్తుంది. అది ముట్టనివే అడవిగా మిగులుతాయి" అన్నాను.

"నీకెలా తెలుసు?" అన్నారావిడ.

"మా తాత మేకలు కాసేవాడు."

పక్కనున్న స్వాతి ఆశ్చర్యపోయింది. "రెండేళ్లుగా ఒకే రూమ్‌లో ఉంటున్నాం, ఒక్కసారీ చెప్పలేదేంటే?"

"నవ్వుతవేమోనని..."

"పిచ్చిదానా" అంటూ నా చేయి పట్టుకుంది.

తాతతో గుట్టెక్కిన సెలవులు ఎంత బాగుండేవి! కొంకికర్రతో కొమ్మ వంచి, మేకలకన్నా ముందు నాకు రేగుపళ్లు కోసిచ్చేవాడు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా అవే పళ్లు తువ్వాలులో మూటగట్టుకుని హాస్టల్‌కు వచ్చాడు. ఎవరని స్నేహితురాళ్లు అడిగితే "మా ఊరాయన" అన్నాను. తాత రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. మూట నా చేతికిచ్చి, "బాగ చదువుకో బిడ్డా" అని వెళ్లిపోయాడు.

ఇవాళ అంతమంది ముందు మా తాత అని చెప్పగలిగాను. ఆ రోజు నా మాట ఆయనకు వినిపించిందో లేదో... చనిపోయేదాకా నేను అడగనేలేదు.