అమ్మ పత్తి ఏరే ఆరు నిమిషాలు

జైపాలన్నా,

అన్నం కుక్కర్‌లో ఉంది, పప్పు వేడి చేసుకో. బర్రెకు నీళ్లు పెట్టాను, గడ్డి నువ్వే వెయ్యాలి. అమ్మను తీసుకుని పొద్దుటి బస్సుకే జనగామ పోతున్నాను. నేను తీసిన చిన్న సినిమాను మూడు గంటలకు మా కాలేజీలో వేస్తున్నారు.

నిన్న సాయంత్రం అది ఫోన్‌లో చూపిస్తే, అందులో అమ్మ పత్తి ఏరుతుండగానే లేచి వెళ్లిపోయావు. "గిండ్ల ఏమైతలేదేందే దీపా? రోజు చూసేదే గదా!" అన్నావు. అమ్మ విన్నది. నువ్వు బయటికి పోగానే, "గంతసేపు నన్నెవరు చూస్తరు బిడ్డా, నా ముక్క తీసెయ్యి" అన్నది.

నేను తీసెయ్యలేదు. ఆ ఆరు నిమిషాల్లో అమ్మ నాలుగుసార్లు పని ఆపి నడుం పట్టుకుంది. నేను కూడా రోజూ చూస్తున్నాననే అనుకున్నాను. ఫోన్‌లో చూసేదాకా నాకు తెలియలేదు. రేపు ఆమెను దవాఖానకు నువ్వు తీసుకుపో, నాకు పరీక్ష ఉంది.

దీప

చెప్పడం మరిచాను. కొత్త చీర కట్టుకుంటూ అమ్మ రెండుసార్లు అడిగింది, "మీ అన్న వస్తడా?" అని. పనుందని చెప్పాను. పన్నెండింటికి ఇంకో బస్సుంది.