గొడుగాయన ఎందుకు లేవలేదు

నవంబరు 3, 1966
థియేటరు నడిపే షిగెనోగారు ఇంటికొచ్చింది. హాలు మూసేస్తోందట. అటక మీద మూగ సినిమా రీలు దొరికిందట, "గొడుగాయన". పేపర్లో రోజూ వచ్చే నాలుగు గళ్ల కార్టూనుని అప్పట్లో సినిమాగా తీశారు. తెర పక్కన నిలబడి మాటలు చెప్పింది నేనే. పదమూడున ఆఖరి ఆట, మళ్లీ మీరే చెప్పాలి ఒటోకిచిగారూ, అంది. మీసానికి రంగేసుకుని వస్తానన్నాను.

నవంబరు 5
రీలు వేసి చూపించారు. అన్నీ గుర్తొచ్చాయి, ఒక్కటి తప్ప. ట్రాము స్టాపులో గొడుగాయన ఆఫీసరుకి నడుం వంచి దణ్ణం పెడతాడు. ఆఫీసరు ఎక్కేస్తాడు. ట్రాము పోతుంది. ఈయన లేవడు. అక్కడ జనం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు. నేనేం చెప్పేవాణ్ని?

నవంబరు 6
సెలూను జింపాచికి చెప్పడం నా బుద్ధితక్కువ. నలభై ఏళ్లుగా ఊరినంతా నవ్వించానని కోస్తున్నావు కదరా, ముందు వరసలో కూర్చుంటా, నోరు పడిపోయిందో వీధి వీధికీ చాటిస్తా, అన్నాడు. ముందు నీ బోడిగుండుకి వెంట్రుకలు మొలిపించుకోరా అన్నాను.

నవంబరు 9
జారుడు తలుపుల లోపల అతికించేది పాత పేపర్లే కదా. నా గది తలుపు ఆ కార్టూను వచ్చిన ఏడు చేయించిందే. ఆ బొమ్మ దొరుకుతుందేమోనని పై కాగితం చింపి గీకుతున్నాను. మామయ్యా, అది తలుపా, మీ వీపా, అలా గోకుతున్నారు, అంది కోడలు కిమియె. కాసేపటికి తనే తడిగుడ్డ పట్టుకొచ్చి పక్కన కూర్చుంది. పట్టుగూళ్ల ధరలు, జుట్టు నూనె ప్రకటన, ఎవరిదో పెళ్లి. సాయంత్రానికి దొరికింది! వంగాడు. ఆఫీసరు ఎక్కాడు. ట్రాము పోయింది. నాలుగో గడి జిగురులో ముద్దయిపోయింది. మరెందుకు లేవలేదు మామయ్యా, అని కిమియె నన్నే అడుగుతోంది.

నవంబరు 12
ఏమీ తట్టలేదు.

నవంబరు 13
హాలు నిండింది. మొదటి నుంచీ బాగానే వాగాను, బాగానే నవ్వారు. ట్రాము స్టాపు వచ్చింది. నోరు తెరిచాను. మాట లేదు. జింపాచి ముందుకు వంగి చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. ఇంక దాచేదేముంది, క్షమించమని జనానికి నడుం వంచాను. సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. అలాగే ఉండిపోయాను.

హాలు ఘొల్లుమంది. తెర మీద ఆయన, తెర పక్కన నేను, ఇద్దరం ఒకేలా వంగి ఉన్నామట. జింపాచి కళ్లు తుడుచుకుంటున్నాడని కిమియె చెప్పింది. నేను నేలే చూస్తున్నాను. గొడుగాయన కూడా సిగ్గుపడే లేవలేదా?

నవంబరు 14
వీధిలో ఎదురైనవాళ్లంతా నాకు నడుం వంచి, ఇక లేవడం లేదు. నేను మాత్రం ముందెందుకు లేస్తాను? కూరలోకి టోఫు తేవడానికి గంటన్నర పట్టింది.