పగలగొట్టే పని

ప్రియమైన అక్కకు,

ఫోన్లో చెబుదామంటే మా ఆవిడ పక్కనే ఉంటుంది. అందుకే ఉత్తరం. చదివాక చించెయ్యి.

కప్పులు చేసే మా ఫ్యాక్టరీలో నన్ను తనిఖీ బల్లకి మార్చారు. బట్టీలోంచి వచ్చిన ప్రతి కప్పునీ వేలితో మీటాలి. ఖంగుమంటే మంచిది. బొంగురుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్టు. అలాంటిదాన్ని ఎవరూ ఇంటికి పట్టుకెళ్లకుండా అక్కడికక్కడే ఇనప తొట్టిలో వేసి పగలగొట్టాలి. అది రూలు. మొదట్లో ప్రాణం ఉసూరుమనేది. తర్వాత అలవాటైంది. ఇప్పుడు బాగుంటోంది అక్కా, అదే నా భయం.

మొన్న మేనేజరు అందరి ముందూ నన్ను గాడిదని తిట్టాడు. నోరు మూసుకుని బల్ల దగ్గరికి వచ్చాను. కాసేపటికి పక్కబల్ల పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "ఏమయ్యా, అవన్నీ మంచివేగా!" అన్నాడు. నేను మీటకుండానే పగలగొడుతున్నాను. అప్పటికి ఎన్ని పోయాయో తెలీదు.

ఇంటికెళ్తే మా ఆవిడ చేతిలోంచి పాలగిన్నె జారింది. నా చెయ్యి లేచింది. కొట్టలేదు. కానీ ఆ లేచిన చెయ్యి అచ్చం నాన్నదే. తనకిప్పుడు ఏడో నెల. పుట్టబోయే బిడ్డని నేను ఎత్తుకోవచ్చా? నాన్న దెబ్బలు నాకంటే నువ్వే ఎక్కువ తిన్నావు. నువ్వే చెప్పాలి.

నీ తమ్ముడు

*

ఒరేయ్ పిచ్చి తమ్ముడూ,

చీమకి కూడా అపకారం చెయ్యనివాడివి, నువ్వు నాన్నవేమిట్రా! నాన్న కోపం వారసత్వంగా వచ్చేదైతే, పెద్దదాన్ని, ముందు నాకే రావాలి. నన్ను చూడు. పొద్దున్నుంచి కుట్టుమిషను ముందు కూర్చుని, "చంకలో బిగుతైంది, మెడ వంకరపోయింది" అని వచ్చినవాళ్లందరి చేతా మాటలు పడుతూ నవ్వుతూనే ఉంటాను. ఆ బల్ల మార్పించుకో. కోపం వస్తే చల్లటి నీళ్లు తాగు. బిడ్డని హాయిగా ఎత్తుకో.

మీ బావ ఓడ ఇంకా నాలుగు నెలలకి గానీ రాదు. నీ మేనకోడలు చిట్టి మెట్ల మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. కట్టు కట్టారు. దాని దూకుడు తెలుసుగా. కంగారుపడకు.

ప్రేమతో,
అక్క

*

ప్రియమైన అక్కకు,

బల్ల మార్చారు. సోమవారం నుంచి ప్యాకింగు. మా ఆవిడకి అంతా చెప్పేశాను. అంతా విని, "చెయ్యి లేవడం నేను చూశాను. మీరెప్పుడు చెబుతారా అని ఎదురుచూస్తున్నాను" అంది.

ఒక్క మాట. మీరుండేది కింది వాటాలో. చిట్టి బడికీ మేడ లేదు. ఏ మెట్లక్కా?

ఆదివారం ఫోన్ చేస్తే చిట్టి ఎత్తింది. "అమ్మని అడిగి చెప్తా మావయ్యా" అంది. నేనడిగింది అన్నం తిన్నావా అని. అప్పట్నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. జవాబు రాయి.

తమ్ముడు

*

అక్కా,

మూడు వారాలైంది. ఫోనెత్తవు. ఉత్తరం లేదు. నేను బయల్దేరి రానా?

తమ్ముడు

*

తమ్ముడూ,

ఫోనైతే మళ్లీ అబద్ధమే చెబుతాను. అందుకని రాస్తున్నాను. మెట్లు లేవు. నేనే.

ఆ రోజు ఒకావిడ కుట్టు బాగాలేదని గౌను నా మొహాన విసిరి కొట్టింది. నేను నవ్వి, సరిచేస్తానన్నాను. ఆవిడ వెళ్లాక చిట్టి తన బొమ్మకోసమని ఆ గౌనులోంచే ఒక ముక్క కత్తిరించింది. ఆవిడ మళ్లీ వస్తే ఏం చెప్పాలి? ఒట్టు, మొదట పట్టుకున్నది భయమే. చేతిలోకి వచ్చేసరికి కోపమైపోయింది. చిట్టి చెయ్యి మెలితిప్పాను. చప్పుడు వినబడేదాకా వదల్లేదు. ఆస్పత్రిలో నేను మెట్లనగానే అది అవునని తలూపింది. నేనేమీ నేర్పలేదు. అంతకుముందు దెబ్బల్ని దాచీ దాచీ దానికే అలవాటైపోయింది.

నాన్న మనల్ని కొట్టిన రోజులు గుర్తు చేసుకో. ఆఫీసులో ఎవరి ముందో తల వంచుకుని వచ్చిన రోజులే అవి. ఇది అర్థమైనంత మాత్రాన నాన్న మంచివాడైపోడు. నేనూ అంతే.

నీళ్లు తాగమని నీకు సలహా ఇచ్చాను చూడు, దానికి సిగ్గుతో చస్తున్నాను. నువ్వు చెయ్యి లేచినందుకే వణికిపోయి నాకు రాశావు, మీ ఆవిడకి చెప్పావు. నీ బిడ్డని నువ్వు ఎత్తుకోవచ్చురా. నేను ఎముక విరిగాక కూడా దాచాను.

ఈ ఉదయం చిట్టిని వాళ్ల టీచరమ్మ ఇంట్లో దింపి, ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పాను. రేపు మనసు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. నువ్వొచ్చి చిట్టిని తీసుకెళ్లు. ఇక పరవాలేదని ఆ డాక్టరు చెప్పేదాకా నాకివ్వకు, నేను నీ కాళ్లు పట్టుకున్నా సరే.

నిన్ను చూడగానే చిట్టి ఏడుస్తుంది. అమ్మ మంచిదంటుంది, అమ్మ దగ్గరే ఉంటానంటుంది. నమ్మకు. నాన్న గురించి ఎవరడిగినా మనమూ అదే చెప్పేవాళ్లం.

అక్క