చేపలాట

09-05-2010, ఆదివారం

మా స్కూలుకి రెండో ఏడు వచ్చింది. బోర్డు లేదు, బెల్లు లేదు, యూనిఫాం లేదు. కువైట్‌లోని అబ్బాసియాలో ఐదో అంతస్తు, మా ఫ్లాట్ హాలే స్కూలు. హెడ్‌మిస్ట్రెస్సూ నేనే, ఆయానీ నేనే. అమలాపురంలో చేసిన బీఎడ్ ఇలా పనికొస్తుందని కలలో కూడా అనుకోలేదు.

పిల్లలందరూ ఇఖామా, అదే ఇక్కడ ఉండే పర్మిట్, లేని తల్లుల పిల్లలు. వీసా ఇచ్చిన కఫీల్ ఇళ్ళలో పడలేక పారిపోయి వచ్చిన ఆడవాళ్ళు ఆ తల్లులు. ఇక్కడ పుట్టిన పిల్లకి బర్త్ సర్టిఫికెట్ ఉండదు. అది లేకపోతే ఏ స్కూలూ గేటు లోపలికి రానివ్వదు. ఈ బిడ్డలు యాడికి పోవల్ల మేడం అంటూ నన్ను ఇందులోకి దింపింది వ్యాన్ నడిపే కడప మహమ్మద్ గౌస్. పిల్లల్ని తెచ్చేదీ తీసుకెళ్ళేదీ అతనే.

నేను మాత్రం ఏం గొప్ప? మా ఆయన వీసా మీద ఉన్నదాన్ని, పని చెయ్యకూడదు. దొరికితే షుఐబాలో ఆయన ఉద్యోగం కూడా పోతుంది.

16-05

కింద ఫ్లాట్ ఆవిడ మీ ఇంటికి రోజూ చుట్టాలేనా అని అడిగింది. ఇవాళ్టి నుంచి పిల్లల చెప్పులు బాస్మతి సంచిలో వేసి లోపల పెడుతున్నాను.

18-05

పక్క బిల్డింగ్‌లో పోలీసు చెకింగ్ జరిగింది. కాగితాల్లేనివాళ్ళని బస్సు తెచ్చి మరీ ఎక్కించుకుపోయారు.

పిల్లలకి ఒక ఆట కనిపెట్టాను. ఎవరైనా తలుపు బాదితే అందరూ చేపలు. చేప మాట్లాడదు, ఏడవదు, పేరు పెట్టి పిలిచినా పలకదు. ఎవరు ఏం అడిగినా అంతే. నేను ఖలాస్ అంటేనే ఆట అయిపోయినట్టు. బాగా ఆడినవాళ్ళకి చాక్లెట్.

మా యమ్మ పిలిచినా పలకగూడదా మిస్ అని సుబ్బు అడిగింది. మునిలక్ష్మి కూతురు, ఎనిమిదేళ్ళు. అమ్మ పిలిచినా పలకకూడదు అన్నాను.

01-06

గౌస్‌ని బయట నిలబెట్టి తలుపు బాదించాను. అరబ్బీలో అరిచి మరీ భయపెట్టాడు. చిన్నపిల్లలు కిసుక్కున నవ్వేశారు. సుబ్బు ముక్కు మీద ఈగ వాలినా కదల్లేదు. నాకెంత గర్వమో. రెండు చాక్లెట్లు ఇచ్చాను.

సాయంత్రం మునిలక్ష్మి వచ్చింది. నాలుగిళ్ళలో పాచిపని చేసి చేతులు పగిలిపోయి ఉన్నాయి. ఎట్లన్నా ఎంబసీలో ఔట్‌పాస్ తెచ్చుకోని రాయచోటికి పోయి పిల్లను బళ్ళో ఏస్తానక్కా, నా మాదిరి నిశానీ కాగూడదు అంది. సుబ్బు వాళ్ళమ్మకి ఇంగ్లీషులో తన పేరు రాసి చూపించింది.

చదువు చెప్తన్నావా, మూగోళ్ళని తయారు చేత్తన్నావా అన్నారు మా ఆయన. గట్టు మీద కూర్చుని ఎన్ని కబుర్లైనా చెప్పొచ్చు.

15-06, మధ్యాహ్నం

కరెంట్ పోయింది. బయట యాభై డిగ్రీలట. అప్పటికే పిల్లల్ని పంపేశాను, ఎప్పటిలాగే ఒక్కొక్కర్నీ. గుంపుగా దిగితే అందరి కళ్ళలో పడతాం. ఆఖరిది సుబ్బు. అది వెళ్ళాకే కరెంట్ పోయింది.

15-06, రాత్రి

ఇది రాయాలి.

కరెంట్ పోయిన కాసేపటికి మెట్ల మీదనుంచి బాదుడు వినిపించింది. దిగి చూశాను. బిల్డింగ్ కాపలా చూసే హారిస్, ఈజిప్టువాడు, మూడో అంతస్తులో లిఫ్ట్ తలుపు గుద్దుతున్నాడు. లోపల ఎవరన్నా ఉన్నారా అని అరబ్బీలో అడిగాడు, వచ్చీరాని హిందీలో అడిగాడు. చప్పుడు లేదు. ఎవరూ లేరని తేల్చేశాడు.

సుబ్బు లిఫ్ట్‌లోనే దిగి ఉంటే? సుబ్బూ, ఖలాస్ అని ఒక్కసారి పిలిస్తే తెలిసిపోయేది. కానీ హారిస్ ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఏ సుబ్బు, ఎవరి పిల్ల అని అడుగుతాడు. ఈపాటికి వ్యాన్ ఎక్కేసి ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకుని పైకి వచ్చేశాను. తల్లి వచ్చేదాకా పైనే ఉంటుందనుకుని గౌస్ వెళ్ళిపోయాడట. ఒక్కోరోజు అలా ఉంటుంది కదా.

కరెంట్ వచ్చాక లిఫ్ట్ కిందికి దిగింది. లోపల మూలన సుబ్బు ముడుచుకుని పడి ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. హారిస్ అంబులెన్స్ పిలిచాడు. నేను వెనకాల టాక్సీలో వెళ్ళాను.

బతికింది. సెలైన్ పెట్టారు. కళ్ళు తెరిచాక పేరు అడిగారు, అమ్మ పేరు అడిగారు, నాలుగు భాషల్లో అడిగారు. నోరు విప్పలేదు. పక్కన పోలీసు. మలయాళీ నర్సు నా వైపు తిరిగి, ఈ పిల్ల మీకు తెలుసా అని హిందీలో అడిగింది.

సుబ్బు నన్నే చూస్తోంది. పెదాలు గట్టిగా బిగించి. నేను ఆ మాట అంటానని చూస్తోంది.

తెలియదు, అదే బిల్డింగ్ కదా అని చూడటానికొచ్చాను అన్నాను.

అది కనురెప్ప కూడా ఆడించలేదు.

17-06

గౌస్‌ని పిల్లల్ని తేవద్దన్నాను. చెప్పుల సంచి మడిచి బీరువా కింద పెట్టాను.

20-06, ఆదివారం

మునిలక్ష్మి తనంతట తానే పోలీసుల దగ్గరికి వెళ్ళింది. ఆ బిడ్డ నా బిడ్డే అని చెప్పిందట. కాగితం లేదు. పిల్లనే అడుగుదామని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. వార్డు బయట నిలబడి చూసి వచ్చి గౌస్ చెప్పాడు. ఈమె మీ అమ్మేనా అని అడిగితే సుబ్బు తల్లిని చూసి గోడవైపు తిరిగి పడుకుందట. నేనేమ్మీ, మీ అమ్మను, పలకవే అని మునిలక్ష్మి పిల్ల కాళ్ళు పట్టుకుని ఏడ్చిందట. అయినా పలకలేదు.

అమ్మ పిలిచినా పలకకూడదన్నది నేనే.

మంగళవారం తల్లిని ఒంటిగా ఫ్లైట్ ఎక్కిస్తారట. పిల్ల ఎవరి పిల్లో తేలేదాకా ఇక్కడే ఎక్కడో ఉంచుతారట. మునిలక్ష్మి ఇంతవరకూ నా పేరు చెప్పలేదు. అక్కను వచ్చి ఆ ఒక్క మాట చెప్పిపొమ్మను అందట, అంతే.

వెళ్తే మనిద్దరం కూడా ఆ ఫ్లైటే ఎక్కాల అన్నారు మా ఆయన. ఎక్కుదాం, నేను వెళ్తాను అన్నాను.

21-06

తల పగిలిపోతోంది. రేపు వెళ్తాను.

22-06, ఉదయం

తలుపు కొడుతున్నారు. గౌసే, ఆ బాదుడు నాకు తెలుసు. మేడం, వ్యాన్ కింద పెట్టినా, రెండు నిమిషాల పని అంటున్నాడు. హాల్లో పిల్లల చాప మీద కూర్చున్నాను. పెన్ను చప్పుడు కాకుండా మెల్లగా రాస్తున్నాను.