డెవన్‌లో రెండెకరాలు

రత్నం,

ఇవాళ ఎంత మురిసిపోయానో చెప్పలేను. మన గ్రేసీ, అల్లుడు లండన్ హారోలో మేముంటున్న ఫ్లాట్ వదిలేసి, దూరంగా పల్లెపట్టున ఉన్న డెవన్‌లో ఒక పాత ఇల్లు, దాని చుట్టూ ఉన్న రెండెకరాలు కొనాలనుకుంటున్నారు. కూరలు, గుడ్లు, పాలు ఏవీ కొనకుండా బతకాలని వాళ్ల ఆశ. "నేల సంగతి నీకే తెలుసు నాన్నా, నువ్వు సరేనంటేనే కొంటాం" అని నన్ను తీసుకెళ్లింది. ఎంత మంచి పిల్లని కన్నావే నువ్వు.

మనం పొలం కొన్నప్పుడు చేసినట్టే గొయ్యి తవ్వి, ఆ మట్టితోనే పూడ్చి చూశాను. గొయ్యి నిండి ఇంకా మట్టి మిగిలింది. బంగారం లాంటి నేల. ఆకుకూరల మడికి చెట్ల నీడ చూపిస్తే మాత్రం గ్రేసీ పడీపడీ నవ్వింది. "ఇక్కడ ఎండ కోసం వెతుక్కోవాలి నాన్నా. ఇది ఏలూరు అనుకున్నావా?"

తిరిగొచ్చేటప్పుడు కారులో నెమ్మదిగా అడిగింది. "కనుచూపు మేరలో ఒక్క ఇల్లు లేదు. అమ్మయితే ముందు పక్కింట్లో ఎవరున్నారని అడిగేది. మేం డ్యూటీలకి పోతే నువ్వు ఎవరితో మాట్లాడతావు?"

"కోళ్లు పెంచుతారుగా, వాటితో" అన్నాను.

నవ్వింది. "అయితే కొనేస్తాం" అంది.

నువ్వు పోయిన దగ్గర్నుంచీ హారోలో ఇన్ని ఇళ్ల మధ్య కూడా పగలంతా నన్ను పలకరించేవాళ్లు లేరని దానికి చెప్పలేదు. అంత సంతోషంగా ఉంది పిల్ల, ఎందుకు చెప్పడం.