డ్రాగన్‌కు కళ్లు దిద్దే కుంచె

గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం, చుంగ్‌లిక్ ఊరి కాపురస్తుడు, పండగ పడవలకు డ్రాగన్ తలలు చెక్కే వడ్రంగి క్వాన్ పాక్‌హంగ్ అను నేను, డెబ్భై ఎనిమిదో ఏట, బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. చెయ్యి వణుకుతున్నందున బడి పంతులు యిప్ గారు రాస్తున్నారు. చెప్పింది చెప్పినట్టే రాయమన్నాను. సొంత మెరుగులు పెడితే సంతకం పెట్టను.

దీన్ని అమలు చేసే బాధ్యత మా తమ్ముడి కొడుకు, మా వంశమందిరం పెద్ద అయిన షింగ్‌కైది. చివరిదాకా చదివాక కూడా అతను ఆ బాధ్యత మొయ్యాలి.

1. నా ఇల్లు, పెరట్లోని లిచీ చెట్టు నా ఒక్కగానొక్క కూతురు యూక్‌లాన్‌కు చెందుతాయి. గోడ అవతలికి వంగిన కొమ్మ కూడా మాదే. పక్కింటివాళ్లు ఇన్నేళ్లూ కోసుకున్నవి క్షమించాను.

2. నా మట్టి టీకుండ, పడవలో డప్పు వాయించే కో మింగ్‌కు. నలభై ఏళ్లుగా మూడో దెబ్బ తొందరపడి వేస్తున్నాడు. ఇకనైనా మానుకుంటే అందులో టీ తాగవచ్చు. మానకపోయినా తాగవచ్చు.

3. ఇది ఆస్తి కాదు, అయినా చెప్పకుండా పోలేను. 1982లో, నాలుగో నెల ఎనిమిదో రోజున, పడవ పందేలు నిషేధించిన పదహారేళ్ల తర్వాత, చెక్క పగలకుండా ఏటి బురదలో పాతి ఉంచే మా పడవను తవ్వి తీశాం. దాన్ని పరీక్షించే పని నాది. అడుగుపలకలో జానెడు పగులు చూశాను. ఊరంతా గట్టు మీద ఉంది. అప్పటికే డప్పు మోగుతోంది. పక్క ఊరివాళ్ల ముందు పరువు పోతుందని పగులులో సున్నం, నూనె కలిపిన ముద్ద కూరి ఊరుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఐదో నెల పందెం రోజున ఆ పలక విడిపోయింది. పడవ తిరగబడి మా తమ్ముడు పాక్‌యిన్ దాని కింద చిక్కుకుని చనిపోయాడు. ముందురోజు తొమ్మిదేళ్ల యూక్‌లాన్ డ్రాగన్ గడ్డం తాకి చూసింది. ఆడవాళ్లు పడవను తాకకూడదన్నది మా ఆచారం. శవం గట్టుకు చేరగానే మరదలు సౌ ఇంగ్ "నీ కూతురి చెయ్యి తగిలే నా మొగుడు పోయాడు బావగారూ" అంది. నేను తల వంచుకున్నానే గాని నోరు విప్పలేదు. ముప్పై ఏడేళ్లుగా ఐదో నెల వస్తే నా కూతురు కిటికీలు మూసుకుని కూర్చుంటుంది. డప్పు వినిపిస్తే అన్నం ముట్టదు. నాకు సిగ్గుగా ఉంది. తప్పు పూర్తిగా నాది.

4. ఇంకొకటి. వంశస్థులారా, పదకొండేళ్లుగా మీ పడవ తల చెక్కుతున్నదీ, ఏటేటా రంగు వేస్తున్నదీ యూక్‌లాన్. వెనక గదిలో తలుపు వేసుకుని చేసేది, నా పేరు చెక్కేది. ఈ కాలంలో మీరు ఏడుసార్లు గెలిచారు. కాళ్లు తడవడం తప్ప ఎవరికీ ఏమీ కాలేదు.

ఒకసారి టీవీ వాళ్లు వచ్చి డ్రాగన్ అంటే ఏమిటని అడిగారు. వానలిచ్చేది, నదులను ఏలేది, రాజుల గుర్తు అని చెప్పి పంపాను. చెక్కేవాడికి తెలిసింది వేరు. దాని కొమ్ములు జింకవి, చెవులు ఎద్దువి, పొలుసులు చేపవి, గోళ్లు డేగవి. ఎవరినీ కాదనకుండా తన ఒంట్లో కలుపుకున్న జీవి అది. కొడుకు డ్రాగనంతటి వాడు కావాలని ఇక్కడ ప్రతి తండ్రీ మొక్కుకుంటాడు, నేనూ మొక్కుకున్నాను. అంతటిది ఇంట్లోనే ఉంటే దాచిపెట్టాను.

5. నా ఉలులన్నీ, కళ్లు దిద్దే కుంచె యూక్‌లాన్‌కు. కొత్త తల వెనక గదిలో సిద్ధంగా ఉంది. కళ్లు మాత్రం తెల్లగా వదిలేయమన్నాను. కళ్లు దిద్దితేనే డ్రాగన్‌కు ప్రాణం. వంశమందిరంలో, అందరి ముందు, ఆ కళ్లు యూక్‌లాన్ దిద్దాలి. ఎర్రరంగు గిన్నె షింగ్‌కై పట్టుకోవాలి. ఒప్పుకోకపోతే ఆ తల మీద వంశానికి హక్కు లేదు. పడవ బురదలోనే ఉండనివ్వండి.

యూక్‌లాన్, నీకు ఇష్టం లేకపోతే వద్దమ్మా. దాన్ని చీల్చి పొయ్యిలో పెట్టుకున్నా నిన్ను అడిగేవాడు లేడు.

6. మరదలికి ఏమీ రాయలేదు. వాటా ఉన్నవాళ్లు సాక్షి కాకూడదట, ఆమె సాక్షిగా ఉండాలని నా కోరిక. చదివి వినిపించాక ఆమె లేచి వెళ్లిపోతే ఎవరూ ఆపవద్దు.

2019, మూడో నెల ఇరవయ్యో రోజు.

(సంతకం) క్వాన్ పాక్‌హంగ్

సాక్షులు:

యిప్ చీవా, బడి పంతులు. రాసినవాడిని నేనే.

సౌ ఇంగ్, కీర్తిశేషులు క్వాన్ పాక్‌యిన్ భార్య. వేలిముద్ర. ఆమె చెప్పగా రాసినది: "అంతా విన్నాను బావగారూ. ఇంత ఆలస్యంగానా చెప్పేది? రంగు గిన్నె నా కొడుకు పట్టుకోనక్కర్లేదు. నేను పట్టుకుంటాను."