మా ఏడు సెకన్లు ఏవండీ?

కొండ మీద కూర్చుని ఊరంతటికీ మాట పంపే కంపెనీ వారికి,

కొండ కింద గుండీలు కుట్టుకుని బతికేదాని నమస్కారాలు.

అయ్యా, నన్ను మా వీధిలో గుండీలక్క అంటారు. బస్సు డిపో ఎదురు సందులో, బేకరీని ఆనుకుని, తలుపంత వెడల్పున్న కొట్టు నాది. చొక్కా ఎవరు కుట్టినా గుండీ మాత్రం నా చేతి మీదుగానే పడాలి. ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని. ముప్ఫై ఏళ్ళూ మీ రేడియో వింటూనే కుట్టాను.

మీరంటే నాకెంత అబ్బురమో ఎలా చెప్పను? తండ్రి మాట్లాడతాడట, కూతురు మైకు తెరుస్తుందట, పెద్దకొడుకు టీవీ నడుపుతాడట, కోడలు అందులో వార్తలు చదువుతుందట, అల్లుడు టవరెక్కుతాడట. మా ఇంట్లో నలుగురం కలిసి ఒక మంచం జరపలేం. మీరు ఇంటిల్లిపాదీ కలిసి ఉత్త గాలిలో మాటను ఇన్ని ఇళ్ళకు చేరుస్తున్నారు! పొద్దున్నే కొట్టు తెరిచేముందు మీ టవరు వైపు ఒక్క నిమిషం చూసి గానీ తాళం తియ్యను. ఆ ఇనపకడ్డీల్లోంచి మనిషి గొంతు ఎలా వస్తుందో ఇప్పటికీ నా బుర్రకెక్కలేదు. ఎక్కకపోతే పోనీ, వస్తోంది, అది చాలు.

ఇక అసలు సంగతి. ఆరున్నరకు మీ రేడియోలో గంట మోగుతుంది. ఆ తర్వాత ఏడు సెకన్లు ఏమీ ఉండదు. అప్పుడు పెద్దాయన గొంతు విప్పి "శ్రోతలకు శుభోదయం" అంటారు. ఇది నేను కొట్టు పెట్టిన నాటి నుంచీ ఉన్న వరస. మూడు వారాలుగా గంట మోగీ మోగగానే శుభోదయం వచ్చి మీద పడుతోంది. నా ఏడు సెకన్లు ఏమయ్యాయో వెతికించి ఇప్పించగలరు.

ఇట్లు,
గుండీలక్క

తా.క.: బల్ల కింద చూశారా? నా దగ్గర పోయినవన్నీ అక్కడే దొరుకుతాయి.

*

గుండీలక్క గారికి, ఉత్తరాల బల్ల నుంచి నమస్కారాలు.

వచ్చిన ప్రతి ఉత్తరానికీ మూడు రోజుల్లోగా చేత్తో రాసిన జవాబు వెళ్ళాలన్నది మా కంపెనీ పెట్టిన పెద్దాయన నియమం. మీ ఉత్తరం నిన్న అందింది. ఒకటికి రెండుసార్లు చదివాం.

మీ ఇబ్బంది అర్థమైంది. మీ రేడియోలో పొద్దుటిపూట ఏడు సెకన్లపాటు శబ్దం పోతోంది. కొండకు మరీ దగ్గరగా ఉన్నవాళ్ళకు ఇలాంటివి జరుగుతుంటాయి. దీపం కింద చీకటి అంటారు కదా. మీరేం దిగులుపడకండి. ఈ ఇంటి అల్లుడు రేపు నిచ్చెనతో సహా వస్తాడు. టవరు మొత్తం ఎక్కి దిగే మనిషి, మీ కొట్టు కప్పు ఆయనకు ఒక లెక్క కాదు.

ఇట్లు,
ఉత్తరాల బల్ల

తా.క.: అల్లుడితో ఒక కోటు పంపుతున్నాం. రెండో గుండీ ఊడింది. కోటు కూడా ఉత్తరాల బల్లదే. బల్లకు కోటెందుకని అడగకండి.

*

ఉత్తరాల బల్ల గారికి,

గుండీలక్క నమస్కారాలు. బల్లకు నమస్కారం పెట్టడం నాకిదే మొదలు.

అల్లుడుగారు వచ్చారు. ఉడతలా కప్పు మీదికి ఎగబాకి, రెండు నిలువుల గొట్టం పాతి, దాని చివర ఇనప చువ్వల చట్రం బిగించి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. అప్పటి నుంచి నా రేడియోలో లోకమంతా మోగుతోంది. నిన్న ఎవరో ఒకాయన నాకు తెలియని భాషలో అరగంట సేపు నాకేదో చెప్పుకున్నాడు. ఎక్కడివాడో, ఏం కష్టమో! చెవులు రిక్కించి చివరిదాకా విన్నాను. మధ్యలో కట్టేస్తే ఏం మర్యాద?

కానీ నేను అడిగిందొకటి, మీరు పెట్టిందొకటి. నా రేడియోలో శబ్దం పోలేదండీ. శబ్దం లేకపోవడం పోయింది. అది ఉంటేనే నాకు పని.

చెబుతాను వినండి. గంట మోగగానే నేను దారం కొస తడిపి సూది ఎత్తుతాను. పక్కన బేకరీలో ట్రేల మోత, ఎదురుగా డిపోలో ఇంజన్ల మోత. ఆ ఏడు సెకన్లూ అన్నీ ఆగుతాయి. పెద్దాయన నోటి వెంట ఏం వస్తుందోనని బేకరీ ఆయన ట్రే చేత్తో పట్టుకుని నిలబడిపోతాడు. మొదటి బస్సు డ్రైవరు ఇంజన్ కట్టేస్తాడు. అంత నిశ్శబ్దంలో నా చెయ్యి వణకదు. దారం ఒక్క దెబ్బకు సూదిలోకి పోతుంది. మొదటి సూది ఎక్కితే ఆ రోజంతా ఎక్కుతూనే ఉంటుంది. అంత గొప్పమనిషి, చేతిలో మైకు పెట్టుకుని, ఊరు సర్దుకుని కూర్చునేదాకా నోరు విప్పకుండా మనకోసం ఆగుతున్నాడే అనుకుంటే నాకు ఒళ్ళు జలదరించేది. మాట్లాడేవాళ్ళు లోకంలో కొల్లలు. ఆగేవాళ్ళని నేను ఇంకొకరిని చూడలేదు.

ఇప్పుడు పొద్దున్నే వేలు పొడుచుకుంటున్నాను. మూడు వారాల్లో మూడు తెల్లచొక్కాల మీద మరకలు. నా పేరు పోతోంది.

ఇట్లు,
గుండీలక్క

తా.క.: గుండీ కుట్టి కోటు పంపాను. ఒక్క కోటుకు ఐదు జేబులా! ఐదో జేబులో కళ్ళద్దాలూ ఒక కాగితమూ ఉంటే అలాగే పెట్టేశాను. కాగితం చదవలేదు. చదివినా చెప్పను.

మరో తా.క.: స్వెటరు వేసుకోండి, చలిగా ఉందని పెద్దాయన రోజూ రేడియోలో చెబుతున్నారు. ఎండలు మండిపోతున్నాయి. ఆయన మాట కాదనలేక బేకరీ ఆయన పొయ్యి ముందు స్వెటరుతోనే నిలబడుతున్నాడు. విప్పమని ఒక మాట చెప్పించండి.

*

గుండీలక్క గారికి, ఉత్తరాల బల్ల నమస్కారాలు.

మీ ఉత్తరం కంపెనీ బోర్డు ముందుంచాం. మా బోర్డు మీటింగంటే పొద్దుటి టిఫిన్ బల్లే. మీ ఉత్తరాన్ని టీవీ చూసుకునే పెద్దకొడుకు పైకి చదివాడు.

"రేడియోలో నిశ్శబ్దమా? వంటింట్లో పొయ్యి ఆరినట్టే కదా!" అన్నాడాయన. ఆ మాట నిజమే. మా వృత్తిలో నిశ్శబ్దాన్ని మించిన తప్పు లేదు. ఐదు సెకన్లు శబ్దం ఆగిందంటే కంట్రోల్ రూములో పెద్ద గంట మోగుతుంది, అల్లుడు చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెడతాడు. అలాంటిది రోజూ ఏడు సెకన్లు ఊరుకున్నామంటే ఎవరు నమ్ముతారు? రేడియో చూసుకునే కూతురు మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

చివరికి కోడలు విషయం తేల్చింది. "పాపం, ఆవిడకి ఏడు సెకన్లు కావాలట. టీవీలో కనపడాలని ఉంటుంది, అడగడానికి మొహమాటం. ఏడు సెకన్లేమిటి, ఏడు నిమిషాలిద్దాం" అంది. అందరూ సరేనన్నారు. ఎల్లుండి కెమెరాతో వస్తారు.

ఇట్లు,
ఉత్తరాల బల్ల

తా.క.: స్వెటరు సంగతి పరిశీలనలో ఉంది.

*

ఉత్తరాల బల్ల గారికి,

గుండీలక్క రాయునది.

వచ్చారు. కోడలుగారు టీవీలో కంటే సన్నగా ఉన్నారు, టీవీలో కంటే బాగా నవ్వుతారు. కెమెరాతో పాటు పెద్ద పెద్ద దీపాలు తెచ్చి వెలిగించారు. నా కొట్టుకు మూలలున్నాయని ముప్ఫై ఏళ్ళలో నాకే తెలీదు. ఎప్పుడెప్పుడో జారిపోయిన గుండీలు పదకొండు దొరికాయి. ఒకటి డిపో మేనేజరుగారి పెళ్ళికోటుది. ఆయనకిప్పుడు మనవలు. సందంతా ఊడ్చారు, బేకరీ ఆయన స్వెటరు మీద టై కట్టాడు.

"మీ ఏడు సెకన్ల గురించి చెప్పండమ్మా" అన్నారు కోడలుగారు. చెప్పేదేముంది, చూపిస్తానని సూది ఎత్తి ఊరుకున్నాను. సందంతా ఊరుకుంది. మూడో సెకనుకే కెమెరా ఆయన "మేడమ్, సౌండ్ రావట్లేదు" అని అరిచాడు. సాయంత్రం టీవీలో వేశారు. నా మౌనం మీద ఒక పాట పెట్టారు! పాట బాగానే ఉంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

బల్లగారూ, ఇక డొంకతిరుగుడు వద్దు. రోజూ అదే శుభోదయం, అదే చలి, అదే స్వెటరు. చొక్కా పాతదో కొత్తదో ముట్టుకుని చెప్పేదాన్ని, గొంతు పాతదో కొత్తదో తెలుసుకోలేనా? అది ఎప్పటిదో తీసి వినిపిస్తున్నారు. పెద్దాయన ఉన్నారా? ఒంట్లో బాగుందా? ముప్ఫై ఏళ్ళు నాతో రోజూ మొదటి మాట మాట్లాడిన మనిషి. నాకు ఆ మాత్రం తెలుసుకునే హక్కు లేదా? లేరంటే చెప్పండి, కొట్టు మూసి ఒక రోజంతా కూర్చుని ఏడుస్తాను. ఆయన నియమం ప్రకారం మూడు రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే బేకరీ ఆయననీ, బస్సు డ్రైవరునీ వెంటబెట్టుకుని కొండెక్కుతాను. బస్సులోనే వస్తాం.

ఇట్లు,
గుండీలక్క

తా.క.: ఇంకో గుండీ ఏదైనా ఊడితే ఈలోగా పంపండి. కోపం వేరు, పని వేరు.

*

అమ్మా గుండీలక్కా,

ఏడవకండి, కొట్టు మూయకండి. ఉన్నాను.

ఉత్తరాల బల్లంటే నేనే. కోటు నాదే. గొంతులో ఏదో చెడ్డది పెరిగిందని డాక్టరు కోసి తీశాడు. ప్రాణం మిగిలింది, మాట పోయింది. ఇక రాదన్నాడు. నలభై ఏళ్ళు నోటితో బతికిన మనిషి నోరు మూసుకుని ఇంట్లో ఎలా తిరుగుతాడు? నేను కుంగిపోతానని పిల్లలు ఉత్తరాల పని నాకిచ్చారు. ఊరు కుంగిపోతుందని పాత టేపుల్లోంచి నా శుభోదయం తీసి వేస్తున్నారు. వాళ్ళకు దొరికింది ఏదో చలికాలం టేపు. నా పెద్దకొడుకు శుభ్రం మనిషి. టేపులో ఖాళీ కనబడితే చొక్కా మీద పోగు కనబడినట్టు కత్తిరించేశాడు. మీ ఏడు సెకన్లు పోయింది అక్కడే.

అవి ఉన్నాయని నాకే తెలీదమ్మా. నిజంగానే మీ రేడియో పాడైందనుకున్నాను. మీ మూడో ఉత్తరం చదివాక నా కూతుర్ని నిలదీశాను. అంటే, పలక మీద రాసి అడిగాను. అది నవ్వుతూ ఏడుస్తూ చెప్పింది. గంట మోగగానే మైకు తెరిచేదట. నేనేమో అద్దాల కోసం జేబులు తడుముకుంటూ ఉండేవాణ్ణి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదోదాంట్లో దొరికేవి. నాకది రెప్పపాటు అనిపించేది. నాన్న చిన్నబుచ్చుకుంటాడని అది నాకెప్పుడూ చెప్పలేదు. పొద్దున పూట ఆ కాసేపూ కంట్రోల్ రూములో పెద్ద గంట మోగకుండా దాని తీగ పీకి పెట్టేదట, ఇన్నేళ్ళూ.

మీరు గొప్పమనిషి అనుకున్నది జేబులు వెతుక్కునే ముసలివాణ్ణి. క్షమించండి. కానీ మీ ఉత్తరం ముందు పెట్టుకుని నేనూ ఒక లెక్క వేసుకున్నాను. నలభై ఏళ్ళు మాట్లాడాను, వాతావరణం చెప్పాను, ధరలు చెప్పాను, నీతులు కూడా చెప్పాను. వాటిల్లో ఒక్కటీ ఎవరికీ గుర్తులేదు. నేను మాట్లాడని కాసేపట్లో ఒక సందులో బస్సు ఆగిందట, ఒక సూదిలోకి దారం ఎక్కిందట! ఇన్నాళ్ళూ గాలిలోకి మాట పంపడమే వింత అనుకున్నాను.

రేపు ఆరున్నరకు రేడియో పెట్టండి. శుభోదయం నా కూతురు చెబుతుంది. దానికి ముందు ఏడు సెకన్లు మాత్రం నావి. టేపు కాదు, నేనే వచ్చి మైకు ముందు కూర్చుంటాను. మాట పోయినవాడు కూడా చెయ్యగలిగిన ఉద్యోగం అదొక్కటే, అది మీరు ఇప్పించారు.

ఇట్లు,
ఇన్నాళ్ళూ బల్లగా ఉన్న
పెద్దాయన

తా.క.: బేకరీ ఆయన్ని స్వెటరు విప్పమనండి. పెద్దాయన చెప్పాడని చెప్పండి.

*

పెద్దాయన గారికి,

గుండీలక్క వేయి నమస్కారాలు.

విన్నాను. గంట మోగింది. బస్సు ఆగింది. ట్రేల మోత ఆగింది. మీరు వచ్చి కూర్చున్నారు. కుర్చీ కిర్రుమంది, తర్వాత మీ ఊపిరి. నాకు తెలీకుండానే లేచి నిలబడ్డాను. తర్వాత మీ అమ్మాయి శుభోదయం చెప్పింది. చక్కటి గొంతు, మీ పోలికే. స్వెటరు విప్పాక బేకరీ ఆయన పదేళ్ళు చిన్నవాడిలా కనిపిస్తున్నాడు.

ఒక సంగతి ఒప్పుకోవాలి. బల్లంటే మీరేనని కోటు వచ్చిన రోజే తెలిసింది. ఐదో జేబులోని కాగితం చదివాను. దాని మీద రెండే ముక్కలు: "శ్రోతలకు శుభోదయం". నలభై ఏళ్ళుగా రోజూ చెప్పే రెండు మాటల్ని కాగితం మీద రాసుకుని, అద్దాలు పెట్టుకుని మరీ చదివే మనిషి ఊళ్ళో ఇంకెవరుంటారు? ఊరి ముందు ఎక్కడ తప్పు పలుకుతానో అని అంత భయమా అయ్యా మీకు! మీ కోటు గుండీకి రెండు పోగులు ఎక్కువే వేశాను. బతికున్నారని నాకు తెలుసు. అయినా లేరేమో అన్నట్టు రాశాను. అలా రాయకపోతే మీరు బల్ల చాటు నుంచి బయటికి వచ్చేవారా?

ఇట్లు,
గుండీలక్క

తా.క.: నాకూ కళ్ళు మసకలొస్తున్నాయి. ఇవాళ దారం సూది బెజ్జందాకా వచ్చింది, ఎక్కేలోగా మీ అమ్మాయి శుభోదయం అనేసింది. ఏడు చాలడం లేదు, తొమ్మిది కావాలి. కోటు పంపండి, ఆరో జేబు కుడతాను.